మెడ పక్కన నొక్కుకోమని రాయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మీ ఆరోగ్యం పేజీలో ఒక చిట్కా వేశారు. బీపీ పెరిగినట్టు అనిపించినా, టెన్షన్‌గా ఉన్నా, దవడ కింద మెడకు రెండు పక్కలా వేళ్లు పెట్టి కొన్ని నిమిషాలు గట్టిగా నొక్కుతూ మర్దన చేసుకుంటే వెంటనే హాయిగా ఉంటుందని అందులో ఉంది. దయచేసి అది తప్పని మళ్లీ వేయండి. ఎక్కడో మూలన చిన్న అక్షరాల్లో కాకుండా అదే పేజీలో, చిట్కా వేసినంత సైజులోనే వేయండి. నేను వైద్య విద్యార్థులకు అనాటమీ చెప్తాను. ఆ మూడు నాలుగు వేళ్ల వెడల్పు జాగాలో ఏమేం ఉన్నాయో రోజూ చూపించే పని నాది, అందుకే ఆ చిట్కా చదివాక ఊరుకోలేక ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఆ చిట్కా పూర్తిగా అబద్ధమైతే నాకింత భయం ఉండేది కాదు. అందులో సగం నిజం ఉంది, ఆ సగంతోనే ప్రమాదం. గుండె నుంచి తలకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని మెడలో రెండు పక్కలా ఒక్కొక్కటి ఉంటుంది. కంఠమణి పై అంచు ఎత్తుకు వచ్చేసరికి అది రెండుగా చీలుతుంది, ఒక కొమ్మ ముఖానికి, ఇంకో కొమ్మ మెదడుకు. మెదడుకు వెళ్లే కొమ్మ మొదట్లో రక్తనాళం కొంచెం ఉబ్బి ఉంటుంది, దాన్ని కెరోటిడ్ సైనస్ అంటారు. ఆ గోడలో ఉన్న నరాల కొసలు గోడ ఎంత సాగుతోందో కనిపెడుతూ ఉంటాయి. బీపీ పెరిగితే గోడ సాగుతుంది, ఆ కబురు తొమ్మిదో కపాల నరం ద్వారా మెదడు కాండానికి చేరుతుంది, అక్కడి నుంచి పదో నరమైన వేగస్ ద్వారా గుండెకు నెమ్మదించమని ఆదేశం వస్తుంది, ఒంట్లో రక్తనాళాలు కూడా కాస్త సడలుతాయి. మనం నిలబడినా పడుకున్నా బీపీ అదుపు తప్పకుండా క్షణక్షణం జరిగే పని ఇది.

బయటి నుంచి వేలితో నొక్కితే ఏమవుతుంది? గోడ లోపలి రక్తం వల్ల కదిలిందా, బయటి వేలి వల్ల కదిలిందా అన్న తేడా ఆ నరాల కొసలకు తెలియదు. బీపీ బాగా పెరిగిందనే కబురు వెళ్తుంది, గుండె నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది. చాలామందికి ఇది కొద్దిగానే జరుగుతుంది. కొందరిలో, ముఖ్యంగా పెద్ద వయసు వాళ్లలో, ఈ స్పందన అతిగా ఉంటుంది, అంటే గుండె మూడు సెకన్లో ఇంకా ఎక్కువసేపో అసలు కొట్టుకోకుండా ఆగిపోవచ్చు, లేదా పై బీపీ ఒక్కసారిగా 50 పాయింట్లు పడిపోవచ్చు. బిగుతు కాలర్ వేసుకుని తల తిప్పినప్పుడో, గెడ్డం గీసుకుంటూ మెడ నొక్కుకున్నప్పుడో కళ్లు తిరిగి పడిపోయే వాళ్లు ఉన్నారు, కారణం ఇదే. అలాంటి మనిషి ఒంటరిగా కూర్చుని మీ చిట్కా పాటిస్తే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. ఒకవేళ ఏ ప్రమాదం లేకుండా బీపీ తగ్గినా అది ఆ కాసేపే, బీపీ జబ్బుకు అది మందు కాదు. నొక్కుకున్నాక హాయిగా ఉందని మాత్రలు మానేసే వాళ్ల గురించి నాకు ఇంకా ఎక్కువ బెంగ.

డాక్టర్లు చేస్తారు కదా అని ఎవరైనా అడగొచ్చు. చేస్తారు, గుండె ఒక రకంగా మరీ వేగంగా కొట్టుకుంటున్నప్పుడు, లేదా ఊరికే పడిపోతున్న మనిషికి కారణం వెతికేటప్పుడు. కానీ ముందు స్టెతస్కోప్ మెడ మీద పెట్టి ధమనిలో రక్తం గరగరమని సుడి తిరుగుతున్న చప్పుడు ఉందేమో వింటారు, ఉంటే ముట్టుకోరు. ఈ మధ్య పక్షవాతం లాంటిది వచ్చిన వాళ్లకు చేయరు. ఈసీజీ నడుస్తుండగా, ఒక్క పక్కనే, కొన్ని సెకన్లే చేస్తారు. రెండు పక్కలా ఒకేసారి ఎప్పుడూ నొక్కరు. మీరు వేసిన చిట్కాలో ఈ జాగ్రత్త ఒక్కటీ లేదు, పైగా నిమిషాల లెక్క ఉంది.

ఆ చీలిక దగ్గరే ఇంకో సంగతి ఉంది. రక్తం రెండు దారులుగా విడిపోయే చోట ప్రవాహం సాఫీగా ఉండదు, అందుకే వయసు పెరిగేకొద్దీ కొవ్వు పేరుకునేది కూడా ఎక్కువగా అక్కడే. పేరుకున్న కొవ్వు పొర మీద గడ్డ కట్టి, అందులో చిన్న ముక్క ఊడి పైకి పోతే అది నేరుగా మెదడులోకో కంటిలోకో వెళ్తుంది, ఎందుకంటే లోపలి కెరోటిడ్ ధమనికి మెడలో ఒక్క కొమ్మ కూడా లేదు, దారిలో ఇంకెక్కడా ఆగదు. అలాంటి ధమనిని వేలితో పిసకమని చెప్పడం ఎంత ప్రమాదమో నేను వేరే చెప్పక్కర్లేదు. ఒక కంటికి కాసేపు తెర పడినట్టు చీకటై మళ్లీ చూపు రావడం, లేదా ఒక చెయ్యి కాసేపు పట్టు తప్పి మళ్లీ మామూలవడం, మాట కాసేపు ముద్దగా రావడం, ఇవి తగ్గిపోయాయి కదా అని వదిలేసే లక్షణాలు కావు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మెడ ధమనిలో పేరుకున్న ఆ పొరను కోసి తీసేసే ఆపరేషన్ 1953లో అమెరికాలో మైకేల్ డిబేకీ చేసినప్పటి నుంచి నడుస్తోంది, ఇప్పటికీ అవసరమైన వాళ్లను అది పక్షవాతం నుంచి కాపాడుతోంది. మీ ఆరోగ్యం పేజీలో దీని గురించి రాయండి, ఎంత ఉపయోగమో.

ఆ చీలిక సందులోనే కొన్ని మిల్లీమీటర్ల కెరోటిడ్ బాడీ అనే ముక్క కూడా ఉంటుంది. సైనస్ పని బీపీ చూడటమైతే దీని పని రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చూడటం, తగ్గితే ఊపిరి వేగం పెంచమని చెప్పడం. ఊపిరిని అదుపు చేయడంలో ఈ జాగా పాత్ర ఏమిటో కనుక్కున్నందుకే బెల్జియం శాస్త్రవేత్త హేమన్స్‌కు 1938 వైద్య నోబెల్ వచ్చింది. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లలు తెలియకుండానే చెయ్యి మెడ మీదకు పోనిస్తారు, అది చూస్తే నాకు సంతోషం.

అసలు పాఠకులకు ఆ జాగా ఎక్కడుందో చెప్పాలి. అద్దం ముందు నిలబడి ముఖం ఎడమకు తిప్పితే కుడి చెవి వెనక ఎముక దగ్గర మొదలై ఏటవాలుగా కిందికి దిగి, రొమ్ము ఎముక, కాలర్ ఎముక కలిసే చోట ఆగే ఒక కండరం లేచి నిలుస్తుంది. స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ అని పొడుగు పేరు. ముఖాన్ని ఎడమకు తిప్పేది కుడి కండరం, కుడికి తిప్పేది ఎడమది. మెడ పక్క భాగాన్ని ఈ కండరం రెండు త్రికోణాలుగా విడగొడుతుంది, ముందుది ఒకటి, వెనకది ఒకటి. సర్జన్ కత్తి పెట్టే ముందు చూసుకునే గుర్తు ఇదే. ఈ కండరం కింద, దాని చాటున, కెరోటిడ్ ధమని, దాని పక్కనే తల నుంచి రక్తాన్ని కిందికి దించే లోపలి జుగులర్ సిర, రెండింటి మధ్య కాస్త వెనగ్గా వేగస్ నరం, మూడూ ఒకే ఒరలో పెట్టిన కత్తుల్లా దిగుతాయి. చర్మానికీ వాటికీ మధ్య ఉన్నది వేలి మందం కండరం, కొంచెం కొవ్వు, పలచని పొరలు, అంతే. రొమ్ములో గుండెకు పక్కటెముకల గూడు ఉంది, మెదడుకు పుర్రె ఉంది. వాటి మధ్య నడిచే ఈ దారికి ఎముక కాపలా లేదు.

శరీరం బరువులో మెదడు 2 శాతమే ఉన్నా ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో 20 శాతం దానికే పోతుంది, అందులో ఎక్కువ భాగం ఈ రెండు కెరోటిడ్ ధమనుల్లోనే పైకి వెళ్తుంది. అందుకే మెడ రెండు పక్కలా గట్టిగా నొక్కితే ఊపిరి ఆడుతున్నా సరే పది సెకన్ల చుట్టుపక్కల స్పృహ పోతుంది. సిర అయితే ఇంకా మెత్తన, తక్కువ ఒత్తిడికే మూసుకుపోతుంది. కుర్రాళ్లు ఆటగా ఒకరి మెడ ఒకరు మోచేత్తో బిగించడం నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ ఆపమన్నాను. ఇంకో మాట, ఇది మీ పేజీలో తప్పకుండా రావాలి. ఎవరైనా గొంతు పిసికితే, చాలా కేసుల్లో బయట మచ్చ కూడా కనపడదు. మచ్చ లేదు కదా ఏం కాలేదు అంటారు ఇంట్లో వాళ్లు, ఒక్కోసారి పోలీసులు కూడా. లోపల ధమని గోడ పొరలు చీలి, గంటలో రోజులో గడిచాక పక్షవాతం రావచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, కళ్లలో రక్తపు చుక్కలు, కాసేపు స్పృహ తప్పడం, తెలియకుండా మూత్రం పోవడం, వీటిలో ఏది ఉన్నా ఆ మనిషిని స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ లక్షణమూ లేకపోయినా ఒకసారి డాక్టర్‌కు చూపించడమే మంచిది.

నాడి చూసే విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. మనిషి పడిపోయినప్పుడు నాడి కోసం మెడ మీద చెయ్యి పెడతారు, మంచిదే. కంఠమణి పక్కన, కండరానికి ముందు ఉన్న పల్లంలో రెండు వేళ్లు మెల్లగా ఆనించాలి. ఒక్క పక్కనే. కొట్టుకోవడం తెలిసేంత ఒత్తిడి చాలు, గుచ్చినట్టు నొక్కనక్కర్లేదు. ఊపిరి లేక నాడి దొరక్కపోతే దానికోసం వెతుకుతూ పది సెకన్లకు మించి కూర్చోకూడదు, గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి.

ఇక మెడ విరిపించుకోవడం. టక్కుమని చప్పుడొస్తే పట్టు వదిలిందని నమ్మేవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ఇంకో జత ధమనులు మెడ ఎముకల్లోంచే వెళ్తాయి. మెడలో ఏడు పూసలుంటే ఆరో పూస నుంచి పైకి ఒక్కో పూస పక్కనున్న రంధ్రంలోంచి దూరి, మొదటి పూస దాటాక వెనక్కి ఒంపు తిరిగి పుర్రెలోకి వెళ్తాయి. తలను ఒక్క ఉదుటున తిప్పితే ఎక్కువ సాగేది ఆ ఒంపు దగ్గరే. అక్కడ ధమని లోపలి పొర చీలడం అరుదే, నేను కాదనను, విరిపించుకున్న వాళ్లలో చాలామందికి ఏమీ కాదు. కానీ అయిన వాళ్లకు అది చిన్న వయసులో వచ్చే పక్షవాతం. ఇదివరకెప్పుడూ లేని రకంగా మెడ పక్కనో వెనకో కొత్త నొప్పి మొదలై, దానితో పాటు కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తడబడటం ఉంటే ఇంకోసారి విరిపిస్తే సర్దుకుంటుందని వెళ్లకండి. మెడ పట్టేస్తే నెమ్మదిగా కదిలించడం, వేడి కాపడం, రెండు మూడు రోజుల ఓపిక, ఇవి చాలాసార్లు సరిపోతాయి.

వెనక త్రికోణం గురించి పత్రికల్లో ఎవరూ రాయగా నేను చూడలేదు. మెడ పూసల పక్కనున్న స్కేలీన్ కండరాల మధ్య సందులోంచి చేతికి వెళ్లే నరాలన్నీ జడలా అల్లుకుని బయటికి వస్తాయి, భుజం ఎత్తినా వేలు ముడిచినా వాటి చలవే. మోటార్ సైకిల్ మీంచి పడి తల ఒక పక్కకు, భుజం ఇంకో పక్కకు లాగబడినప్పుడు తెగేవి ఇవే, అప్పుడు చెయ్యి మొత్తం వేలాడిపోతుంది. ముందు స్కేలీన్ కండరం మీదుగా ఫ్రెనిక్ నరం దిగుతుంది, మెడలో మూడు, నాలుగు, ఐదు మట్టాల దగ్గర పుట్టి, రొమ్ము పొడుగునా ప్రయాణం చేసి, ఊపిరి తీయించే డయాఫ్రమ్‌కు చేరుతుంది. మెడ దగ్గర వెన్నుపాము ఆ మట్టానికి పైన దెబ్బతింటే మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేకపోవడానికి కారణం అదే.

వీటన్నిటికంటే పైపైన, దాదాపు చర్మం కిందే, పదకొండో కపాల నరం ఆ త్రికోణాన్ని అడ్డంగా దాటుతుంది. భుజాన్ని ఎత్తి నిలిపే ట్రపీజియస్ కండరానికి అదే ఆధారం. మెడ పక్కన చిన్న బిళ్ళ, అంటే ఉబ్బిన గ్రంథి ఉంది, పది నిమిషాల్లో తీసేద్దాం అని తీసినప్పుడు తెగిపోయే నరం ఇదే. భుజం కిందికి జారుతుంది, చెయ్యి భుజం ఎత్తుకు మించి పక్కకు లేవదు, రాత్రిళ్లు నిద్ర పట్టని నొప్పి ఉంటుంది. చాలామంది అది ఆపరేషన్ వల్ల మామూలుగా వచ్చే నొప్పేనని నెలలు గడిపేస్తారు. ఆ నరం తెగిందని త్వరగా కనిపెడితే కలిపి కుట్టే వీలు ఉంటుంది, ఆలస్యమైతే ఆ వీలు తగ్గిపోతుంది. మెడ పక్కన బిళ్ళ తీయించుకోబోయే ప్రతి మనిషీ సర్జన్‌ను ఒక ప్రశ్న అడగాలి, ముందు సూదితో పరీక్ష చేస్తే సరిపోదా, కోయాల్సిందే అయితే భుజం నరం ఎక్కడుందో చూసుకుంటారా అని. మంచి సర్జన్ ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోడు.

బిళ్ళల గురించి ఇంకొంచెం రాస్తాను. ఒంట్లో ఉన్న లింఫ్ గ్రంథుల్లో దాదాపు మూడో వంతు మెడలోనే ఉంటాయి, నోరు, ముక్కు, గొంతు, తల చర్మం నుంచి వచ్చే ద్రవం అంతా వాటిలోంచి వడకట్టుకుని పోతుంది. పిల్లలకు జలుబు చేసినా, పన్ను పుచ్చినా, తలలో కురుపు లేచినా ఒక బిళ్ళ ఉబ్బడం మామూలే. ముట్టుకుంటే నొప్పిగా, మెత్తగా, వేళ్ల కింద కదులుతూ ఉండి రెండు మూడు వారాల్లో తగ్గిపోతే దాని గురించి దిగులు అక్కర్లేదు. నన్ను కలవరపెట్టేది నొప్పి లేని బిళ్ళ. నొప్పి లేదు కదా అని అందరూ వదిలేసేది కూడా దాన్నే. మూడు వారాలు దాటినా తగ్గక, గట్టిగా, కింద అతుక్కుపోయినట్టు ఉండి పెరుగుతూ ఉంటే, పొగాకు అలవాటున్నా లేకపోయినా, నలభై దాటిన మనిషి ఆ వారమే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. టాన్సిల్ దగ్గరో నాలుక వెనకో ఉన్న క్యాన్సర్ గొంతులో ఏ బాధా పెట్టకుండా మొదట మెడ బిళ్ళగానే బయటపడొచ్చు. కొన్ని బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ కావచ్చు, దానికి పూర్తి మందు ఉంది, మధ్యలో మానకుండా వాడితే తగ్గుతుంది. ఏ బిళ్ళనైనా సరే రోజూ పిసికి చూసుకోకండి, దాని మీద ఏవేవో పట్టు వేయకండి.

ఎడమ కాలర్ ఎముక పైన పల్లంలో వచ్చే బిళ్ళకు ప్రత్యేకత ఉంది. పొట్ట, కాళ్లు, ఎడమ రొమ్ము నుంచి వచ్చే లింఫ్ ద్రవం అంతా ఒకే నాళంలో పైకి ఎక్కి, ఎడమ మెడ అడుగున పెద్ద సిరలు కలిసే చోట రక్తంలో పడుతుంది. అందుకే జీర్ణాశయంలో దాగిన క్యాన్సర్ అంత దూరంలో, అక్కడ మొదట కనపడొచ్చు. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1848లో రాసిన సంగతి ఇది, ఇప్పటికీ పొట్ట నొప్పితో వచ్చిన రోగికి డాక్టర్ అక్కడ వేలు పెట్టి చూస్తాడు.

మింగినప్పుడు పైకి కిందికి కదిలే వాపు సాధారణంగా థైరాయిడ్‌ది. పసిపాప తల ఎప్పుడూ ఒక పక్కకే వాలి ఉంటే ఇందాక చెప్పిన పొడుగు పేరు కండరం బిగిసి ఉండొచ్చు, మొదటి నెలల్లోనే ఫిజియోథెరపీ మొదలుపెడితే ఎక్కువ మందికి ఆపరేషన్ లేకుండానే సరవుతుంది. తలగడల మీద వీపు ఆనించి సగం వాలుగా పడుకున్న మనిషి మెడ పక్కన సిర ఉబ్బి కనపడుతూ, దానితో కాళ్ల వాపు, ఆయాసం కూడా ఉంటే అది గుండె గురించి చెప్తున్న మాట.

ఎడిటర్ గారూ, నేను అడిగేది రెండు. మొదటిది, ఆ చిట్కా మీద సవరణ. రెండోది, మెడ పక్క భాగానికి ఒక పెద్ద బొమ్మ, అర పేజీ అయినా సరే, రంగుల్లో. మెడ నొప్పి అనగానే అందరూ వెనక పూసల బొమ్మే వేస్తారు. ఈ బొమ్మలో ముఖం ఒక పక్కకు తిప్పి ఉండాలి, కండరం లేచి కనపడాలి, దాని కింద ధమని ఎరుపు, సిర నీలం, నరాలు పసుపు, కంఠమణి ఎత్తులో ధమని చీలిక స్పష్టంగా ఉండాలి, వెనక త్రికోణంలో భుజం నరాన్ని మందంగా గీయాలి. మీ ఆర్టిస్ట్ గీశాక అచ్చుకు ముందు నాకు ఒకసారి చూపించండి, ఏ గీత ఎక్కడుండాలో కూర్చుని చెప్తాను, ఎన్నిసార్లు మార్చాల్సి వచ్చినా ఫర్వాలేదు.

ఇట్లు,
అనాటమీ బోధించే ఒక పాఠకురాలు